ఒప్పుకోకపోయినా డాక్టర్ దగ్గరికి రావచ్చు

ప్రశ్న: మా అన్నయ్యకు 46 ఏళ్లు. రెండు నెలల క్రితం బండి మీద నుంచి పడి కాలు విరిగితే ఆసుపత్రిలో చేర్చి ఆపరేషన్ చేయించాం. రోజూ తాగుతాడని ఇంట్లో అందరికీ తెలుసు, ఎంత తాగుతాడో మాత్రం తెలియదు. డాక్టర్ అడిగితే "ఎప్పుడైనా ఒకటీ అరా" అన్నాడు. పక్కనే ఉన్న మేమూ నోరు విప్పలేదు. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు రాత్రి నుంచి మమ్మల్ని గుర్తుపట్టలేదు. గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు, సెలైన్ పీకేశాడు. ఐసీయూలో చేతులు కట్టేసి ఉంచారు. తాగుడు ఒక్కసారిగా ఆగిపోవడం వల్లే ఇలా అయిందని డాక్టర్ చెప్పారు. నాలుగైదు రోజులకు మామూలు మనిషయ్యాడు. ఇప్పుడు ఆ మాటెత్తితే చాలు, "మత్తు ఇంజెక్షన్ పడక అలా అయింది, మీరంతా కలిసి నన్ను తాగుబోతుని చేస్తున్నారు" అని మండిపడుతున్నాడు. పది రోజులుగా సాయంత్రాలు మళ్లీ మొదలుపెట్టాడు. అడిగితే "బీరే కదా" అంటాడు. అమ్మేమో "మానితేనే కదా అలా అయింది, కొంచెం తాగనివ్వండి" అంటోంది. వదిన ఎవరికీ చెప్పొద్దంటోంది. మావారు మాత్రం తెలియకుండా మాన్పించే మాత్రలు అన్నంలో కలిపి పెడదామంటున్నారు. ఆ రాత్రి మా తమ్ముడు తీసిన వీడియో నా ఫోన్లో ఉంది. అది చూపిస్తేనైనా ఒప్పుకుంటాడా? వాళ్ల నాన్నను ఆ స్థితిలో చూసి బెదిరిపోయిన 11 ఏళ్ల మేనకోడలికి ఏం చెప్పాలి?
ఒక చెల్లెలు

సమాధానం:

వీడియో చూపించకండి. ఈ ఒక్క మాట ముందు చెప్పేస్తే మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మీ బాధ నాకు అర్థమవుతోంది. కళ్లారా చూసినదాన్ని ఎదుటి మనిషి కాదంటుంటే, సాక్ష్యం చేతిలో పెట్టుకుని ఊరుకోవడం కష్టమే. కానీ మంచానికి కట్టేసి, ఎవరినీ గుర్తుపట్టకుండా అరుస్తున్న తనను తాను చూసుకుంటే ఎవరికైనా ముందు కలిగేది సిగ్గు. అంత సిగ్గును దిగమింగడానికి మీ అన్నయ్యకు ఇప్పుడు తెలిసిన దారి తాగడమొక్కటే. ఆ తర్వాత ఆయన మిమ్మల్ని చూసినప్పుడల్లా ఆ వీడియోనే గుర్తొస్తుంది, మీకు ముఖం చాటేస్తారు. ఇంట్లో వాళ్ల గ్రూపులో ఎవరైనా పెట్టి ఉంటే వెంటనే తీయించండి. ఎప్పుడైనా ఆయనే "అసలు ఆ రోజుల్లో ఏం జరిగింది?" అని అడిగితే మాటల్లో చెప్పండి. చూస్తానని ఆయనే పట్టుబడితే డాక్టర్ దగ్గర కూర్చుని చూడటం మేలు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం చదువుతుంటే, ఆయన ఒప్పుకుంటే తప్ప ఏదీ ముందుకు కదలదని మీరు నమ్ముతున్నట్టు అనిపించింది. మీ ఇంట్లో ఈ రెండు నెలల గొడవంతా దాని చుట్టూనే తిరుగుతోంది. నా సలహా ఏమిటంటే, ఒప్పుకోలు కోసం పోట్లాడటం మానేయండి. చికిత్స మొదలవాలంటే ఆయన డాక్టర్ ఎదురుగా కూర్చోవాలి, అంతే. "నేను తాగుబోతుని" అనే మాట ఆయన నోటి నుంచి రావాల్సిన పనిలేదు. నిద్ర పట్టట్లేదనో, కాలు నొప్పి తగ్గట్లేదనో, ఇంట్లోవాళ్ల పోరు పడలేకనో వచ్చి కూర్చున్నవాళ్లు కూడా బాగుపడతారు. డాక్టర్లు కూడా ఇప్పుడు తాగుబోతా కాదా అన్న గీత గీయరు. మానసిక వైద్యులు వాడే డీఎస్ఎమ్-5 అనే ప్రమాణ గ్రంథం 2013 నుంచి ఈ సమస్యను 11 లక్షణాలతో కొలుస్తోంది. ఏడాది కాలంలో వాటిలో కనీసం రెండు కనిపిస్తే సమస్య ఉన్నట్టు, ఆరు లేదా అంతకంటే ఎక్కువ కనిపిస్తే తీవ్రంగా ఉన్నట్టు లెక్క. దానికి రోగి ఒప్పుకోలు ఎక్కడా అడగరు.

ఆయన అబద్ధమాడుతున్నాడని మీకనిపిస్తోంది. కొంత నిజం కావచ్చు. అయితే చాలా కుటుంబాలకు ఎవరూ విడమరిచి చెప్పని విషయం ఒకటుంది. మీరు చూసిన ఆ నాలుగు రోజుల్ని ఆయన చూడలేదు. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అనే ఆ స్థితిలో మెదడు జ్ఞాపకాలను సరిగా దాచుకోదు. బయటపడ్డాక చాలామందికి తునకలు తునకలుగా గుర్తుంటుంది, కొందరికి అసలేమీ గుర్తుండదు. ఆ ఖాళీని మీ అన్నయ్య చేతికందిన కారణంతో పూడ్చుకున్నారు. ఆపరేషన్ అయింది, మత్తు ఇచ్చారు, అదే పడలేదు. ఆయన వైపు నుంచి చూస్తే ఈ కథలో ఎక్కడా అతుకు కనిపించదు. మీరేమో ఆయన గుర్తులో లేనిదాన్ని నేరంలా మోపుతున్నారు, ఆయన తిరగబడుతున్నారు.

పైగా ఏళ్ల తరబడి ఎక్కువగా తాగితే, ముందుచూపుతో ఆలోచించి మంచిచెడ్డలు తేల్చుకునే మెదడు ముందు భాగం దెబ్బతింటుంది. తాగడం పూర్తిగా ఆగితే వారాల మీద, నెలల మీద అది చాలావరకు కోలుకుంటుంది. మీ అన్నయ్యకు ఆ వ్యవధి ఇంకా పూర్తిగా దొరకలేదు. దేంతో ఆయన ఆలోచించి గ్రహించాలని మీరు ఆశిస్తున్నారో, జబ్బు చేసింది దానికే. ఇది తెలిస్తే ఆయన మాటల మీద మీ కోపం కొంచెమైనా తగ్గుతుందని నా ఆశ.

మీ అమ్మగారి మాటకు వద్దాం. దాన్ని కొట్టిపారేయకండి, అందులో సగం నిజముంది. మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ తాగేవాళ్లలో ఆ మందగింపును తట్టుకోవడానికి మెదడు తనను తాను మరింత చురుగ్గా మార్చుకుంటుంది. తలుపు అవతలి నుంచి ఎవరో నెడుతుంటే మనం ఇవతల బలమంతా పెట్టి ఆనుకుని నిలబడతాం. అవతలివాళ్లు చటుక్కున తప్పుకుంటే ముందుకు పడిపోతాం. మద్యం ఒక్కసారిగా ఆగితే మెదడుకు జరిగేది ఇదే. ఆఖరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. లేనివి కనిపించి, మనుషుల్ని గుర్తుపట్టలేని డెలీరియం సాధారణంగా 48 నుంచి 96 గంటల మధ్య వస్తుంది. మీరు రాసిన రెండో రోజు, మూడో రోజు ఈ లెక్కలోకే వస్తాయి. చికిత్స అందకపోతే దీనివల్ల ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో ఉండగా రావడం, వెంటనే ఐసీయూకి మార్చడం మీ అన్నయ్యను కాపాడాయి.

కాబట్టి అమ్మగారితో ఇలా చెప్పండి: "నువ్వన్నది నిజమే అమ్మా, డాక్టర్ చూసుకోకుండా ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. కానీ డిశ్చార్జ్ అయ్యేనాటికి ఆ గండం గడిచిపోయింది. అప్పుడు తాగకుండా ఉండటంలో ప్రమాదమేమీ లేదు. మళ్లీ రోజూ తాగితే ఆ గండాన్ని మళ్లీ తెచ్చుకున్నట్టే." ఒకసారి ఫిట్స్, డెలీరియం వచ్చినవాళ్లకు ఇంకోసారి వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. తాగడం, ఆపడం, మళ్లీ తాగడం ఇలా సాగేకొద్దీ ప్రతిసారీ ఇంకా తీవ్రంగా రావచ్చు.

ఇందులోనే మీకూ ఒక జాగ్రత్త ఉంది. కోపంలో సీసాలు పారబోయడం, గదిలో పెట్టి తాళం వేయడం, "ఈ రోజు నుంచి చుక్క ముట్టవు" అని ఒట్టు వేయించుకోవడం చేయకండి. ఆయన మళ్లీ రోజువారీ తాగుడులో పడ్డారు కాబట్టి ఈసారి ఆపడం కూడా డాక్టర్ చెప్పిన పద్ధతిలోనే జరగాలి. ఆయన తగ్గించినా, మానేసినా వణుకు, చెమటలు, వాంతులు, అయోమయం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లగానే రోజూ ఎంత తాగుతారో, ఆఖరిసారి ఎప్పుడు తాగారో, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయని మీరే చెప్పండి. ఆయన కాదన్నా చెప్పండి. మొదటిసారి మీరు మౌనంగా ఉండిపోయినందుకు మిమ్మల్ని నిందించను. ఆ చిన్న విషయం ఇంతదూరం తెస్తుందని మీకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

"బీరే కదా" అన్నదానికి వాదన అక్కర్లేదు, లెక్క చాలు. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 40 శాతం ఉండే విస్కీ 130 మిల్లీలీటర్లు తాగినా అంతే. మెదడుకు సీసా రంగుతో పనిలేదు. ఈ లెక్క ఆయన మొహాన కొట్టడానికి కాదు, మీరు మోసపోకుండా ఉండటానికి చెబుతున్నాను.

మరి ఆయనతో ఎలా మాట్లాడాలి? ముందు వేళ చూసుకోండి. తాగి ఉన్నప్పుడు ఎంత మంచి మాటైనా వృథా. చాలామందితో పొద్దున పూట మాట్లాడటం నయం, అందులోనూ ఇంట్లో గొడవ లేని పొద్దున. అమ్మ, వదిన, తమ్ముడు, మీవారు అందరూ చుట్టూ కూర్చుని పంచాయితీ పెట్టొద్దు. మీరొక్కరే వెళ్లండి. ఎక్కువసేపు వద్దు.

"అన్నయ్యా, ఆసుపత్రిలో జరిగింది నీకెంతవరకు గుర్తుంది?" అని అడిగి ఆయన్నే మాట్లాడనివ్వండి. మధ్యలో సరిదిద్దకండి. మత్తు ఇంజెక్షన్ మాటే మళ్లీ చెబుతారు. అప్పుడు మీరు, "కావచ్చు. ఏది నిజమో నాకూ తెలియదు, డాక్టర్ ఒకటి చెప్పారు, నువ్వొకటి చెబుతున్నావు. కానీ ఆ రాత్రి నువ్వు నన్ను గుర్తుపట్టలేదు. చాలా భయపడ్డాను. రేపు కాల్లో వేసిన ప్లేటు తీయాలంటేనో, ఇంకేదైనా అవసరమొస్తేనో మళ్లీ అలా కాకూడదు. ఒక్కసారి డాక్టర్ని అడిగి తేల్చుకుందాం. నేను తోడొస్తాను" అనండి. ఆయన చెప్పిన కారణాన్ని పట్టుకునే డాక్టర్ దాకా తీసుకెళ్లవచ్చు, గమనించారా? దాన్ని ఓడించాల్సిన అవసరమే రాదు. "తాగుడు" అన్న మాట మీరు ఎత్తకపోయినా ఫర్వాలేదు. డాక్టర్ ఎత్తుతారు, అది ఆయన పని.

ఆయన రానంటే "సరే, ఆలోచించు" అని లేచి వచ్చేయండి. వారం తర్వాత ఇంకో పొద్దున దొరుకుతుంది.

ఈ మెత్తని దారి పనిచేస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. 1999లో అమెరికాలో విలియం మిల్లర్, రాబర్ట్ మేయర్స్, టోనిగన్ ఒక అధ్యయనం ప్రచురించారు. చికిత్సకు రానంటున్న తాగుడు వ్యసనపరుల ఇళ్ల నుంచి 130 మందిని తీసుకుని మూడు రకాలుగా శిక్షణ ఇచ్చారు. అందరూ కలిసి ఒకేసారి నిలదీసే పద్ధతి నేర్పిన గుంపులో 30 శాతం మంది తమవాళ్లను చికిత్సకు తేగలిగారు. కుటుంబ సభ్యులు తమ మనశ్శాంతి చూసుకోవడం మీదే దృష్టిపెట్టే అల్-అనాన్ పద్ధతిలో 13 శాతం. నిలదీయకుండా, తాగని వేళల్లో దగ్గరగా మెలుగుతూ, తాగినప్పుడు పక్కకు తప్పుకుంటూ, సమయం చూసి చికిత్స మాట తెచ్చే క్రాఫ్ట్ అనే పద్ధతిలో 64 శాతం. అల్-అనాన్ లక్ష్యం తాగేవాళ్లను చికిత్సకు తేవడం కాదు కాబట్టి ఆ అంకె చూసి దాన్ని తక్కువ చేయకూడదు, దాని అవసరం వేరే ఉంది. కానీ మెత్తగా ఉండటమంటే చేతులు ముడుచుకోవడం కాదని మీ ఇంట్లో అందరికీ చెప్పడానికి ఈ అంకెలు పనికొస్తాయి.

రోజువారీగా దీన్ని చేయాల్సింది ముఖ్యంగా మీ వదిన. తాగని సాయంత్రం ఉంటే ఆ సాయంత్రం ఆయనతో కూర్చోవాలి, నవ్వుతూ మాట్లాడాలి, "ఈ రోజు నువ్విలా ఉంటే బాగుంది" అని పైకే చెప్పాలి. తాగి వచ్చిన రోజు తిట్టకుండా, ఏడవకుండా "రేపు మాట్లాడదాం" అని వేరే గదిలోకి వెళ్లిపోవాలి. ఆఫీసుకు ఫోన్ చేసి "ఆయనకు జ్వరం" అని చెప్పడం, చేసిన అప్పులు గుట్టుగా తీర్చడం, పగిలినవి ఆయన లేచేలోపు ఎత్తేయడం ఆపాలి. ఆయన మీద కక్షతో కాదు, తాగడం వల్ల ఏం జరుగుతోందో ఆయనకు కనిపించాలి కాబట్టి. ప్రాణాల మీదికి వచ్చే విషయాల్లో మాత్రం ఈ సూత్రం పెట్టుకోకండి. తాగి బండి తాళాలు తీస్తే ఆపాల్సిందే. చేయి చేసుకుంటే పాపతో సహా మీ ఇంటికి వచ్చేయమని వదినకు ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆ మాట గొడవైన రోజు కాకుండా ముందే చెప్పాలి.

వదిన ఎవరికీ చెప్పొద్దనడం వెనక పరువు ఒక్కటే ఉందనుకోకండి. అందరికీ తెలిస్తే ఆయన ఇంకా మొండికేస్తాడన్న భయమూ ఉండొచ్చు. ఊరందరికీ చెప్పక్కర్లేదు. మీరిద్దరు, ఒక డాక్టర్, వదిన మనసు విప్పి మాట్లాడుకోగల ఒక మనిషి చాలు. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ సమావేశాల్లో అసలు పేర్లు చెప్పాల్సిన అవసరం ఉండదు, ఆన్‌లైన్‌లోనూ జరుగుతాయి. వదినకు అలాంటి చోటు ఒకటి దొరికితే మీ మీద భారం కూడా తగ్గుతుంది.

మీవారి సూచనకు మాత్రం గట్టిగా అడ్డుపడండి. తెలియకుండా కలిపే ఆ మాత్ర సాధారణంగా డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండెకో లివర్‌కో ఇబ్బంది ఉన్నవాళ్లకు ప్రాణాంతకం కావచ్చు. ఆ మాత్ర మనిషికి చెప్పి, సమ్మతి తీసుకుని, పరీక్షలు చేసి డాక్టర్ మొదలుపెట్టాల్సింది. చాటుగా పెట్టిన సంగతి బయటపడితే ఆయన మీ ఇంట్లో మంచినీళ్లు కూడా నమ్మి తాగరు. తాగాలన్న తహతహను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, మానినవాళ్లు నిలబడటానికి ఇచ్చే అకాంప్రోసేట్ లాంటి మందులు ఉన్నాయి. లివర్, కిడ్నీల పరిస్థితి చూసి ఏది సరిపోతుందో సైకియాట్రిస్ట్ చెబుతారు. ఐసీయూలో చేసింది ఒంట్లోంచి మద్యం దిగేటప్పుడు ప్రాణం కాపాడటం మాత్రమే. వ్యసనానికి చికిత్స ఇంకా మొదలే కాలేదు. "అంత ఖర్చు పెట్టి వైద్యం చేయిస్తే మళ్లీ తాగాడు" అని ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఈ వారం మీరు చేయాల్సిన పని ఒకటుంది. డిశ్చార్జ్ సమ్మరీ తీసి చదవండి. ఫిట్స్ గురించి, డెలీరియం గురించి అందులో రాసి ఉండాలి. థయమిన్, అంటే విటమిన్ బి1 మాత్రలు రాశారేమో, ఆయన వాటిని ఇంకా వేసుకుంటున్నారో లేదో చూడండి. ఎక్కువ తాగేవాళ్లలో ఇది తగ్గిపోతుంది. బాగా తగ్గితే నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం, అయోమయం వస్తాయి. అవి కనిపిస్తే, తాగి ఉన్నాడులే అనుకోకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి, ఎందుకంటే ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. కాలు చూపించుకోవడానికి ఎముకల డాక్టర్ దగ్గరికి ఎలాగూ వెళ్తారు కదా, ఆ రోజు మీరూ వెళ్లండి. "ఆ రోజుల్లో జరిగినదాని గురించి కూడా డాక్టర్ని అడుగుతాను అన్నయ్యా" అని ఆయనకు ముందే చెప్పండి. సైకియాట్రిస్ట్‌కు చూపించమని ఎముకల డాక్టర్ రాసిస్తే, మీరు చెప్పినదానికంటే ఆయనకు తేలిగ్గా ఎక్కుతుంది. అపాయింట్‌మెంట్ ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుందో ముందే కనుక్కుని పెట్టుకోండి. ఆయన "సరే, చూద్దాం" అనే పూట ఒకటి వస్తుంది. ఆ పూట దాటితే మనసు మారిపోతుంది.

చివరగా మీ మేనకోడలు. 11 ఏళ్ల పిల్లకు నిజం చెప్పాలి, వయసుకు తగ్గట్టు. "నాన్నకు ఒంట్లో బాగోలేదు. తాగడం అలవాటై, అది ఒక్కసారిగా ఆగేసరికి మెదడు తికమకపడింది. అందుకే నిన్ను కూడా గుర్తుపట్టలేదు, నీ మీద ప్రేమ లేక కాదు. ఇది నీవల్ల రాలేదు, నువ్వు మాన్పించలేవు, ఆ పని పెద్దవాళ్లది." మళ్లీ అలా అవుతాడా అని అడిగితే కాదని మాటివ్వకండి. "అలా కాకుండా చూడాలని ప్రయత్నిస్తున్నాం. నాన్న వణుకుతున్నా, పడిపోయినా, నీకు భయమేసినా ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్యి" అని నంబర్ రాసివ్వండి. సీసాలు లెక్కపెట్టమని, నాన్న మీద కన్నేసి ఉంచమని మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పకూడదు. ఈ మాటలన్నీ ముందు వదినతో అనుకుని, ఆమె కూడా పక్కన ఉన్నప్పుడే చెప్పండి.